మూడున్నర క్వింటాళ్ళ సీసం

2019 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం పెదకూరపాడు వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "ఏం బాబూ, ఒక ఛార్జింగ్‌కి రెండెకరాలు కొడతదన్నావు. ఎకరం అయ్యేసరికే చతికిలబడతంది నీ పంపు" అన్నాడు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి చూడమని చెప్పి ఫోన్ పెట్టేశాను. సాయంత్రానికి అలాంటివే ఇంకో రెండు ఫోన్లు వచ్చాయి. వారం తిరగకుండానే సత్తెనపల్లి డీలర్ పన్నెండు పంపులు ఆటోలో వేయించి వెనక్కి పంపేశాడు. పాతికేళ్ళ నుంచి మా నాన్నతో లావాదేవీలున్న మనిషి. పంపుతున్నానని ఒక మాట కూడా చెప్పలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

మాది గుంటూరు పట్నం బజార్లో మోటారు స్పేర్ పార్టుల షాపు. నాన్న పెట్టింది. 2016 నుంచి ఢిల్లీ నుంచి బ్యాటరీ స్ప్రేయర్లు తెచ్చి అమ్మేవాళ్ళం. మన రైతులు ఛార్జింగ్ పంపు అంటారు. 16 లీటర్ల ట్యాంకు, అడుగున 12 వోల్టుల బ్యాటరీ, చిన్న డయాఫ్రం పంపు, గొట్టం, రాడ్డు, నాజిల్, అంతే సరంజామా. వీపుకి తగిలించుకుని స్విచ్ వేస్తే మందు అదే కొడుతుంది. మిరప, పత్తి వేసే ఊళ్ళలో ఏటేటా గిరాకీ పెరుగుతోంది కానీ మాకు పంపుకి నూటయాభై కూడా మిగలడం లేదు. పెట్టెలు తిప్పి చూస్తే అన్నిటి మీదా చైనా పేరే. అక్కడ జెజియాంగ్ రాష్ట్రంలో తైజౌ అనే ఊరి చుట్టూ ఈ స్ప్రేయర్లు, నీళ్ళ పంపులు చేసే యూనిట్లు గుంపులు గుంపులుగా ఉన్నాయని తెలిసింది. మధ్యలో ఢిల్లీవాడెందుకు అనిపించింది. నాన్న వద్దన్నారు. "కళ్ళతో చూడనివాడికి డబ్బులు ఎట్లా పంపిస్తావురా?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, అయినా దిగాను.

దిగుమతి ఎగుమతి కోడ్‌కి 2018లో ఆన్‌లైన్‌లో 500 రూపాయలు కడితే వచ్చేసింది. అది అంత తేలిగ్గా వచ్చేసరికి మిగతాదంతా అలాగే ఉంటుందనుకున్నాను.

ఇంటర్నెట్‌లో ఇరవై మందికి మెసేజ్ పెడితే గంటలో పదిహేడు మంది జవాబిచ్చారు. అందరూ "డియర్ ఫ్రెండ్" అనేవాళ్ళే, అందరిదీ "మాది సొంత ఫ్యాక్టరీ" అనే మాటే. ఒకే ఫోటోలో ఉన్న ఒకే పంపుకి ఒకరు 11 డాలర్లంటే ఇంకొకరు 19 అన్నారు. ముగ్గురి దగ్గర శాంపిల్స్ తెప్పించి, మా మెకానిక్ బాబాయ్ చేత విప్పించి, ఒకదాన్ని ఖాయం చేశాను. అమ్మే అమ్మాయి ఇంగ్లీషు బాగా రాసేది, రాత్రి పదకొండుకి అడిగినా జవాబిచ్చేది. అక్కడ అప్పుడు ఒంటిగంటన్నర అని నాకు చాలా రోజులకు గానీ తట్టలేదు.

ముందు 100 పంపులు తెప్పించాను. కంటైనర్ నిండదు కాబట్టి ఇంకెవరి సరుకుతోనో కలిపి వేస్తారు. చెన్నై దాకా ఓడ బాడుగ వాళ్ళదే అన్న ధరకి ఒప్పుకున్నాను. సీఐఎఫ్ అంటారు దాన్ని. బాడుగ ఇంత తక్కువేమిటా అని ఆశ్చర్యపోయాను కూడా. ఆ తక్కువ ఎక్కడికీ పోలేదు, చెన్నైలో నా కోసం కాచుకుని కూర్చుంది. డెలివరీ ఆర్డర్ చార్జీలు, టెర్మినల్ చార్జీలు, సరుకు విడదీసిన చార్జీలు, ఇంకా పేరు కూడా అర్థంకాని రెండు మూడు వరుసలు కలిపి సముద్రం దాటిన ఖర్చుకి మూడింతలు బిల్లు వచ్చింది. అమ్మినవాళ్ళు బాడుగ కడితే ఓడ బుక్ చేసే ఏజెంటు వాళ్ళ మనిషి. అతను అక్కడ వదులుకున్నదంతా ఇక్కడ నా దగ్గర రాబట్టుకుంటాడు. అప్పటి నుంచి ఎఫ్ఓబీ నింగ్బో తప్ప ఇంకో మాట ఎత్తలేదు. నింగ్బో అక్కడి రేవు. ఓడ ఎక్కేదాకా వాళ్ళ ఖర్చు, ఎక్కాక నాది, ఏజెంటు నేను పెట్టుకున్న మనిషి.

అదే సరుకులో ఇంకో తప్పు పూర్తిగా నాది. మా క్లియరింగ్ ఏజెంటు తెలుగాయనే. పెట్టెలు చూసి "సార్, ఎమ్మార్పీ స్టిక్కర్ ఏదీ?" అన్నాడు. దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, నెల, సంవత్సరం, ధర, ఫిర్యాదులకు నంబరు, ఇవన్నీ ప్రతి పెట్టె మీదా ఉండాలట. తూనికలు కొలతల చట్టం. నేను మా బ్రాండ్ బొమ్మ ఒక్కటే వేయించాను, రంగు నచ్చక మూడుసార్లు మార్పించి మరీ. ఆయన అనుమతి తెచ్చాడు. నేను ప్యారీస్ కార్నర్‌లో స్టిక్కర్లు కొట్టించి, ఇద్దరు కూలీలను పెట్టి, గోడౌన్‌లో వంద పెట్టెలకీ అతికించాను. అక్కడ రోజు గడిస్తే అద్దె. మూడు రోజులు గడిచాయి.

అయినా ఆ వంద పంపులు బాగా పనిచేశాయి, ఇరవై రోజుల్లో అమ్ముడుపోయాయి. దాంతో ధైర్యం వచ్చి 2019 ఖరీఫ్‌కి నిండు కంటైనర్ చెప్పాను. ఇరవై అడుగుల కంటైనర్లో 560 పట్టాయి. అవే సెప్టెంబరులో చతికిలబడ్డ పంపులు.

తిరిగొచ్చిన పన్నెండింటిలో ఒకదాని అడుగు విప్పి బాబాయ్ బ్యాటరీ బయటికి తీశాడు. పుచ్చకాయ కొనేటప్పుడు చూసినట్టు చేతిలో రెండుసార్లు ఎగరేసి చూశాడు. "అబ్బాయ్, ఇది తేలిగ్గా ఉందిరా" అన్నాడు. పైన స్టిక్కర్ మీద 12 వోల్టులు, 8 ఏహెచ్ అని శుభ్రంగా ఉంది. ఏహెచ్ అంటే బ్యాటరీ ఎంత కరెంటు పట్టుకుంటుందో చెప్పే లెక్క. శాంపిల్ పంపు అటక మీదుంటే దించాం. పక్క కిరాణా షాపు ఎలక్ట్రానిక్ కాటా అడిగి తెచ్చాం. శాంపిల్ బ్యాటరీ 2 కిలోల 380 గ్రాములు తూగింది. కంటైనర్లో వచ్చింది 1 కిలో 740. నమ్మబుద్ధి కాక ఇంకోటి పెట్టాం, 1,735. ఇంకోటి, 1,750. కిరాణా షాపాయన కూడా వచ్చి కౌంటర్ మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు.

ఇలాంటి బ్యాటరీలో బరువంటే ముఖ్యంగా సీసపు పలకలే. డబ్బా సైజు అదే ఉంచి లోపల పలకలు పల్చన చేస్తే బయటికి ఏమీ తెలియదు. బాబాయ్ కాటాతో ఊరుకోలేదు. రెండు రకాలూ రాత్రంతా ఛార్జి పెట్టి, పొద్దున్నే ఒక్కోదానికీ 21 వాట్ల ఆటో ఇండికేటర్ బల్బు తగిలించి, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. శాంపిల్ బ్యాటరీ మూడు గంటల యాభై నిమిషాలు వెలిగింది. కంటైనర్ది రెండు గంటల ఇరవై నిమిషాలకే మసకబారిపోయింది.

పంపుకి 640 గ్రాముల తేడా. 560 పంపులకి క్యాలిక్యులేటర్ కొడితే 358 కిలోలు. మిర్చి యార్డు ఊళ్ళో పుట్టినవాణ్ణి, నాకు ఏదైనా క్వింటాళ్ళలో చెబితేనే ఎక్కుతుంది. మూడున్నర క్వింటాళ్ళ సీసం. ఎక్కడికి పోయింది?

కాటా మీద బ్యాటరీలు ఒక్కొక్కటీ పెడుతూ వీడియో తీసి ఆ అమ్మాయికి పంపాను. మర్నాడు జవాబొచ్చింది. "డియర్, మీరు ఇచ్చిన ధరకి ఈ బ్యాటరీయే వస్తుంది."

కోపం వచ్చిన మాట నిజమే కానీ, దానికంటే ముందు సిగ్గేసింది. ఆ కంటైనర్ ధర ఆమె 16 డాలర్ల 20 సెంట్లు చెప్పింది. నేను వారం రోజులు వెంటబడి 15 డాలర్ల 10 సెంట్లకు దించాను. రోజూ ఇంకొకరి కొటేషన్ ఫోటో పంపేవాణ్ణి. చివరికి "ఓకే డియర్, నో ప్రాబ్లం" అంది. పంపుకి డాలరు పది సెంట్లు, మొత్తం 616 డాలర్లు, అంటే 43 వేల రూపాయలు మిగిల్చానని ఆ రాత్రి ఇంట్లో చెప్పుకుని మురిసిపోయాను. పిండి కొద్దీ రొట్టె అని మన ఇళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆమె చేసింది మోసమే, 8 ఏహెచ్ అని స్టిక్కర్ వేసింది కాబట్టి. కానీ ధర ఎలా తగ్గిందని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

310 పంపులకి మేమే బ్యాటరీలు మార్చాం. ఇక్కడ దొరికే బ్యాటరీ, ఒక్కోటి 750 చొప్పున రెండు లక్షల ముప్పై వేలు దాటింది. మిగిలిన రైతులు రానేలేదు. వాళ్ళు ఎవరికి ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు.

ఆ అక్టోబరులో గువాంగ్‌జౌ వెళ్ళాను. అక్కడ ఏటా రెండుసార్లు, ఏప్రిల్, అక్టోబరుల్లో కాంటన్ ఫెయిర్ జరుగుతుంది. ఒక రోజంతా నడిస్తే స్ప్రేయర్ల వరసలే పూర్తి కాలేదు. మూడో రోజు తైజౌ వెళ్ళి, ఫ్యాక్టరీ చూపించమని ఆ అమ్మాయిని అడిగాను. ఆమె ఆఫీసు నుంచి కారులో గంటన్నర ప్రయాణం. "సొంత ఫ్యాక్టరీ" ఇంత దూరంలో ఉందేమిటా అనుకుంటూనే ఉన్నాను. లోపలికి వెళ్ళాక పై అంతస్తుకి మెట్లు ఎటున్నాయో ఆమెకి తెలియలేదు, వాచ్‌మన్‌ని అడిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె మధ్యవర్తి. అంతవరకూ ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

అక్కడ తయారయ్యేది ట్యాంకు ఒక్కటే. ప్లాస్టిక్ గుళికలు కరిగించి, ట్యూబులా దించి, అచ్చులో గాలి ఊది ట్యాంకు తీస్తారు. పంపు రెండు వీధుల అవతలి యూనిట్‌ది. బ్యాటరీ వేరే ఊరిది. ఇక్కడ బిగించి పెట్టెలో పెడతారు. చివరి గదిలో నలుగురు ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని బ్యాటరీలకు స్టిక్కర్లు అతికిస్తున్నారు. మన బీడీ కార్ఖానాల్లో ఉన్నట్టే, చేతుల దారి చేతులది, కబుర్ల దారి కబుర్లది. బల్ల మీద రెండు స్టిక్కర్ల చుట్టలున్నాయి. ఒకదాని మీద 8 ఏహెచ్, ఇంకోదాని మీద 12 ఏహెచ్. బ్యాటరీల గుట్ట మాత్రం ఒక్కటే.

నేను ఫోటో తీయలేదు. తీస్తే బయటికి పొమ్మనేవాళ్ళేమో. కానీ యజమాని నేను చూసింది చూశాడు. తర్వాత టీ తాగుతూ లెక్క మొదలైంది. బిగించేవాడు బ్యాటరీ వాడు ఇచ్చిందే పెట్టానన్నాడు. బ్యాటరీ వాడికి ఫోన్ చేస్తే వాళ్ళు అడిగిన ధరకే ఇచ్చానన్నాడు. ఈ అమ్మాయి కస్టమరే ధర తగ్గించమన్నాడంటూ నా వైపు చూసింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. డబ్బు తిరిగి ఇవ్వరని అప్పటికే తెలుసు. గంటన్నర మాట్లాడాక తర్వాతి కంటైనర్‌తో పాటు 60 పంపులు, 100 రాడ్లు, 200 ట్రిగ్గర్లు ఉచితంగా వేస్తానన్నారు. కాగితం మీద రాయించి సంతకాలు పెట్టించాను.

బయల్దేరే ముందు యజమానికి గుంటూరు నుంచి తీసుకెళ్ళిన ఎండుమిర్చి పొట్లం ఇచ్చాను. విప్పి వాసన చూసి "తేజ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మన తేజ రకం పెద్ద ఎత్తున కొనే దేశాల్లో చైనా ఒకటి, ఆ సంగతి తెలుసు కానీ, స్ప్రేయర్లు చేసే మనిషి నోట ఆ పేరు వింటాననుకోలేదు. ఇక్కడి నుంచి మిర్చి అక్కడికి పోతుంది, ఆ మిర్చికి మందు కొట్టే పంపు అక్కడి నుంచి ఇక్కడికి వస్తుంది.

మధ్యవర్తిని వదిలేసి నేరుగా ఫ్యాక్టరీతో పెట్టుకోమని అందరూ చెబుతారు. నేను వదల్లేదు. ఏడాదికి రెండు కంటైనర్లు కొనేవాడి ఫోన్ ఫ్యాక్టరీవాడు ఎత్తడు, ప్రయత్నించి చూశాను. ఆ అమ్మాయి కనీసం ఎత్తుతుంది. పైగా అసలు సంగతి బయటపడ్డాక ఆమెకి కూడా ఊపిరి తేలికైనట్టుంది, ఏది ఎక్కడ తయారవుతుందో దాచడం మానేసింది. ఆమె కమీషన్ ఎంతో కూడా చెప్పింది. అందులో సగమైనా నిజమై ఉంటుంది.

మార్చిందల్లా ఆర్డర్ రాసే పద్ధతి. అప్పటిదాకా నా ఆర్డర్ ఒక్క వాక్యం: 16 లీటర్ల స్ప్రేయర్, 8 ఏహెచ్, నీలం రంగు. ఇప్పుడు ఐదు పేజీలు, ఫోటోలతో. ట్యాంకు ఖాళీ బరువు, గొట్టం పొడవు, పంపు బరువు, నిమిషానికి ఎన్ని లీటర్లు, బ్యాటరీ కూడా అక్కడి నుంచే వచ్చిన రోజుల్లో దాని బరువు, ఇండికేటర్ బల్బు ఎంతసేపు వెలగాలి. శాంపిల్స్ రెండు, రెండింటి మీదా ఇద్దరి సంతకాలు, ఒకటి వాళ్ళ దగ్గర, ఒకటి మా అటక మీద. 30 శాతం అడ్వాన్సు, మిగిలిన 70 శాతం సరుకు తనిఖీ పాసయ్యాకే.

తనిఖీకి అక్కడ మనుషులు దొరుకుతారు, రోజుకింత అని తీసుకుంటారు. మొదట్లో అది దండగ ఖర్చు అనిపించింది. వాళ్ళకి ఒక పట్టిక ఉంది, ప్రపంచమంతా అదే వాడతారు. 501 నుంచి 1,200 దాకా ఉన్న లాట్‌లో మామూలు తనిఖీకి 80 ముక్కలు తీసి చూడాలి. పెద్ద లోపాలకు ఓర్చుకునే హద్దు 2.5 అని పెట్టుకుంటే, ఆ 80లో 5 దాకా దొరికితే పాసు, 6 దొరికితే ఫెయిలు. మొదటిసారి రిపోర్టు వచ్చినప్పుడు పెద్ద లోపాలు 9. ట్రిగ్గర్ దగ్గర కారుతున్నాయి. ఆ అమ్మాయి "నో ప్రాబ్లం డియర్, చిన్న విషయం" అంది. నాకు ఆ నో ప్రాబ్లం అన్న మాట వింటేనే బీపీ పెరుగుతుంది. 70 శాతం పంపలేదు. ఆరు రోజుల్లో ట్రిగ్గర్లు మార్చి, రెండో తనిఖీ ఖర్చు వాళ్ళే పెట్టుకున్నారు.

అయినా తనిఖీకి దొరకని లోపాలుంటాయి. ఒక లాట్‌లో పంపులు నెల రోజులు బ్రహ్మాండంగా పనిచేసి తర్వాత ప్రెషర్ తగ్గిపోయాయి. బాబాయ్ విప్పి చూస్తే లోపలి వాల్వు రబ్బరు ఉబ్బి ఉంది. పాత పంపులోని రబ్బరూ, కొత్తదీ చెరో ముక్క కోసి, రైతులు వాడే ఈసీ మందు (నూనెలాంటి ద్రావకంలో కలిపి వచ్చే పురుగుమందు) పాత సీసాలో పోసి రెండు రోజులు నానబెట్టాడు. పాతది అలాగే ఉంది. కొత్తది మినప్పప్పులా ఉబ్బింది. ఫ్యాక్టరీలో మంచినీళ్ళతో టెస్ట్ చేస్తారు, నీళ్ళకి ఏ రబ్బరైనా ఆగుతుంది. మన రైతు కొట్టేది నీళ్ళు కాదు కదా. ఆ రబ్బరు ఏ రకమో ఐదు పేజీల్లో ఎక్కడా రాయలేదు. ఇప్పుడు ఆరో పేజీ ఉంది.

2020 గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. ఆ ఏడాది చైనా కొత్త సంవత్సరం జనవరి 25న. మనకి సంక్రాంతి సెలవులు మూడు రోజులైతే వాళ్ళకి ఫ్యాక్టరీలు దాదాపు నెల పాటు మూతపడతాయి, ఊళ్ళకు వెళ్ళిన పనివాళ్ళలో కొందరు తిరిగి రారు. సెలవుల ముందు హడావుడిగా బిగించిన సరుకూ, తర్వాత కొత్తవాళ్ళు బిగించిన సరుకూ రెండూ నాసిగా ఉంటాయని అప్పటికే తెలిసి, డిసెంబరులోనే తెప్పించేశాను. తెలివి కాదు, అదృష్టం. జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ కూడా ఉంది. రెండేళ్ళ సంభాషణ, ఫోటోలు, ఒప్పుకున్న మాటలు, అన్నీ అందులోనే. ఇప్పుడు ఏ మాటైనా ఈమెయిల్‌లో మళ్ళీ రాయించుకుంటాను.

ఆ ఏడాదే బ్యాటరీలు అక్కడి నుంచి తేవడం మానేశాను. ఓడలో, గోడౌన్‌లో నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా పడి ఉంటే ఈ రకం బ్యాటరీలు సగం చచ్చిపోతాయి. బరువుకి బరువు, ఓడలో ప్రమాదకర సరుకు నిబంధనలు అదనం. ఆమె లిథియం పెట్టిద్దామంది. లిథియం అయితే తయారుచేసే ఫ్యాక్టరీకి మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉండాలి. నా పరిమాణానికి అది చేయించేవాడు ఎవడు? ఇక్కడి బ్యాటరీ కొంచెం ఖరీదు. కానీ చెడిపోతే లారీలో తిప్పి పంపొచ్చు, వాడికి ఫోన్ చేసి తెలుగులో తిట్టొచ్చు. 2022లో బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వచ్చి, దిగుమతి చేసుకున్నవాడే పాత బ్యాటరీల సేకరణ బాధ్యత కూడా చూసుకోవాలన్నప్పుడు బతికిపోయాం అనుకున్నాను.

2021 మాత్రం మర్చిపోలేను. కంటైనర్లు దొరకడం లేదు, బాడుగ ఐదారు రెట్లయింది, బుకింగ్ రెండుసార్లు వెనక్కి జరిగింది. చివరికి ఆగస్టు రెండో వారంలో నింగ్బోలోని మీషాన్ టెర్మినల్ నుంచి ఓడ ఖాయమైంది. సరుకు బరువు లెక్కన ప్రపంచంలోనే పెద్ద రేవు నింగ్బో-జౌషాన్, ఆ టెర్మినల్ అందులో ఒకటి. ఆగస్టు 11న ఆ టెర్మినల్‌లో ఒక్క ఉద్యోగికి కోవిడ్ తేలిందని మొత్తం మూసేశారు. ఒక్కరికి! మన దగ్గర అప్పటికి రెండో వేవ్ దాటి వచ్చాం, నాకు ఆ లెక్క బుర్రకి ఎక్కలేదు. రెండు వారాల తర్వాత తెరిచారు. మా కంటైనర్ చెన్నైలో దిగేసరికి సెప్టెంబరు ఆఖరు. అప్పటికే మిరప నాట్లు అయిపోయి, డీలర్లు వేరే సరుకు ఎత్తేసుకున్నారు. 560 పంపులు గోడౌన్‌లో నాకేసి చూస్తూ కూర్చున్నాయి.

తర్వాత నల్ల తామర పురుగు వచ్చింది. నవంబరు వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, ఎక్కడ చూసినా పూతలో ఆ పురుగే. రైతులు రోజు విడిచి రోజు మందు కొట్టారు. మా పంపులు మూడు వారాల్లో ఖాళీ. డీలర్లు ఫోన్ల మీద ఫోన్లు. నేను ఇంకో కంటైనర్ చెప్పాను. సెప్టెంబరు నుంచి అక్కడ కరెంటు కోతలు, ఫ్యాక్టరీలు వారానికి కొన్ని రోజులే నడుస్తూ ఆర్డర్లన్నీ పేరుకుపోయి ఉన్నాయి. అయినా ఆ అమ్మాయి ఎలాగో తిప్పలు పడి డిసెంబరులో ఓడ ఎక్కించింది. అది వచ్చేసరికి తోటలే లేవు. ఎన్ని మందులు కొట్టినా ఆగక చాలామంది చేలు దున్నేశారు. డీలర్ల దగ్గర మా బాకీ, రైతుల దగ్గర వాళ్ళ బాకీ. ఎవరిని అడుగుతాం? అడగబోతే వాళ్ళ మొహాలు చూడలేకపోయాం. ఆ బాకీల్లో కొన్ని ఇప్పటికీ పుస్తకంలోనే ఉన్నాయి. నాన్న ఆ పేజీ తిప్పేస్తారు.

పురుగు సంగతి చెబితే ఆ అమ్మాయి చాలాసేపు జవాబివ్వలేదు. తర్వాత, వచ్చే కంటైనర్‌కి అడ్వాన్సు 30కి బదులు 15 శాతం చాలని రాసింది. ఆమె యజమానిని ఎలా ఒప్పించిందో నేను అడగలేదు.

2022లో ఇంకొకటి జరిగింది. 70 శాతం కట్టాల్సిన రోజు ఈమెయిల్ వచ్చింది: మా అకౌంటు ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఈ అకౌంటుకి పంపండి అని. అదే పేరు, అదే "డియర్", అదే ఇన్వాయిస్ నంబరు. బ్యాంకు మాత్రం ఇంకో దేశంలో. ఫారం నింపి బ్యాంకులో ఇచ్చేశాను కూడా. అక్కడి ఆఫీసర్ మేడమ్ "లబ్ధిదారు పేరు మారిందేంటండీ?" అని అడిగింది. వీడియో కాల్ చేస్తే ఆ అమ్మాయి భోజనం చేస్తోంది. అకౌంటు మార్చారా అంటే చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది. ఆమె మెయిల్ ఎవరో ఎన్నాళ్ళ నుంచో చదువుతున్నారట. మెయిల్ చిరునామాలో ఒక్క అక్షరం తేడా, నేను చూడలేదు. అప్పటి నుంచి అకౌంటు నంబరు ఫోన్‌లో మొహం చూసి చదివించుకున్నాకే ఫారం నింపుతాను.

ఇప్పుడు ట్యాంకు కూడా రాజ్‌కోట్‌లో పోయిస్తున్నాను. తైజౌ నుంచి వచ్చేది పంపు, ట్రిగ్గర్, రాడ్డు మాత్రమే. వాటికి అక్కడ ఇంకో యూనిట్‌ని కూడా చూసి పెట్టుకున్నాను, ఏడాదికి ఒక చిన్న ఆర్డర్ ఇస్తాను. ఆ సంగతి ఈ అమ్మాయికి తెలుసు. తెలిసేలా నేనే చెప్పాను. మా కౌంటర్ మీద సొంత కాటా ఉంది. అక్కడ ఆమె దగ్గరా ఒకటి ఉంది. ప్రతి లాట్‌కీ నేను అడగకముందే పది పంపులు తూచి ఫోటోలు పంపుతుంది.

ఈసారి పంపిన ఫోటోల్లో పంపు 585 గ్రాములు ఉంది. మా అటక మీద సంతకాల శాంపిల్ 620. ధర మాత్రం పోయిన ఏడాది ధరే, ఈసారి నేను ఒక్క సెంటు కూడా బేరమాడలేదు. బాబాయ్ ఫోటో పెద్దది చేసి చూసి "మోటారు చుట్టలో రాగి తగ్గించి ఉంటారు" అన్నాడు. కాదు, పై కవరు ప్లాస్టిక్ పల్చన చేశారేమో అని నా అనుమానం. నిన్న రాత్రి రాసి అడిగాను. పొద్దున్న జవాబొచ్చింది: "డియర్, నేనూ అదే అడుగుతున్నాను, రేపు ఒకటి విప్పిస్తాను."

తనిఖీ శుక్రవారం. అప్పటిదాకా 70 శాతం మా బ్యాంకులోనే ఉంటుంది.